కొత్త మెషిన్ లేచేసరికి ప్యాకేజీ మేనేజర్ సిద్ధంగా ఉండాలంటే

విజయవాడ మొగల్రాజపురంలోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ల్యాబ్ నిర్వహణ నా బాధ్యత. కానూరు, వడ్డేశ్వరం, మైలవరం వైపు ఇంజనీరింగ్ కళాశాలల నుంచి వచ్చే విద్యార్థులకు బ్యాచ్ మారినప్పుడల్లా కొత్త వర్చువల్ మెషిన్లు ఇవ్వడం, బ్యాచ్ ముగియగానే వాటిని తుడిచేసి మళ్లీ కొత్తవి లేపడం ఇక్కడ ఎప్పుడూ జరిగే పని. ఒక్కో మెషిన్ ముందు కూర్చుని బ్రౌజర్ తెరిచి, పైథాన్ దించి, గిట్ దించి, ఎడిటర్ దించి, అడిగిన ప్రతిచోటా నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడం ఒకరిద్దరి మెషిన్లకైతే సరిపోతుంది గానీ, ఒక గది నిండా ఉన్న మెషిన్లకు సాధ్యం కాదు. అందువల్ల సాఫ్ట్‌వేర్ అంతా ప్యాకేజీ మేనేజర్ (ఒక్క కమాండ్‌తో సాఫ్ట్‌వేర్‌ను దించి వేసే సాధనం) ద్వారానే వేయాలన్నది మా దగ్గర మొదటినుంచీ ఉన్న నియమం. అయితే ఆ ప్యాకేజీ మేనేజర్‌ను ఎవరు వేస్తారన్న ప్రశ్న విండోస్ మెషిన్ల దగ్గర వెంటనే ఎదురవుతుంది. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

లైనక్స్ వాడేవారికి ఈ సమస్య అంతగా తెలియదు. 1993లో మొదలైన డెబియన్‌లోనూ, దాని నుంచి వచ్చిన ఉబుంటులోనూ ప్యాకేజీ మేనేజర్ ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే పుడుతుంది. అది లేకుండా ఆ సిస్టమ్‌నే నిర్మించలేరు. విండోస్‌కు ఆ సంప్రదాయం లేదు. ఆ లోటు పూడ్చడానికి రాబ్ రేనాల్డ్స్ 2011లో చాకొలేటీ అనే ప్యాకేజీ మేనేజర్‌ను తీసుకొచ్చారు; దాన్ని పిలిచే కమాండ్ పేరు చాకో. మైక్రోసాఫ్ట్ సొంతంగా తయారుచేసిన వింగెట్ 1.0 వెర్షన్ 2021 మే నెలలో వచ్చింది. ఈ రెండింటిలో ఏది మేలన్న చర్చ చాలాచోట్ల జరుగుతూ ఉంటుంది. నా దృష్టిలో మాత్రం మనిషి లేకుండా ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చినప్పుడు ఆ చర్చ రుచుల మీద కాకుండా ఒకే ఒక్క విషయం మీద తేలాలి. మెషిన్‌లో ఇంకా ఏ యూజరూ లాగిన్ కాని సమయంలో అది పనిచేస్తుందా లేదా అన్నదే ఆ విషయం.

వింగెట్ యాప్ ఇన్‌స్టాలర్ అనే ప్యాకేజీలో భాగంగా వస్తుంది. అది ఒక్కో యూజర్ ఖాతాకు విడివిడిగా నమోదయ్యే రకం. యూజర్ మొదటిసారి లాగిన్ అయిన తరువాతే ఆ నమోదు జరుగుతుంది, అది కూడా తెర వెనుక, తీరిగ్గా జరుగుతుంది. కాబట్టి లాగిన్‌కు ముందు సిస్టమ్ అకౌంట్ (విండోస్ తన సొంత పనులకు వాడుకునే ఖాతా) కింద నడిచే స్క్రిప్టులో వింగెట్ అని రాస్తే అలాంటి కమాండ్ ఏదీ లేదన్న సమాధానం వస్తుంది. లాగిన్ అయిన మరుక్షణం రాసినా అదే సమాధానం రావచ్చు. ఇంట్లో ఒక కంప్యూటర్‌కు వింగెట్ చక్కటి సాధనమని నేనూ చెబుతాను. చాకొలేటీ తీరు వేరు. అది కేవలం ఒక పవర్‌షెల్ స్క్రిప్టుతో, సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద తన ఫోల్డర్ తాను ఏర్పరచుకుని, మెషిన్ మొత్తానికి వర్తించేలా కూర్చుంటుంది. యూజర్ ఉన్నాడా లేడా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. మా ల్యాబ్‌లో దాన్నే ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఇన్‌స్టలేషన్‌లో ప్రశ్నలు రాకుండా చేయడమే ఆటోమేషన్ అని చాలామంది అనుకుంటారు. ప్రశ్నలు రాకుండా చేయడం నిజానికి చిన్న పని. ఎస్ అని ముందే చెప్పే ఒక ఫ్లాగో అలాంటి అమరికో దాదాపు ప్రతి ప్యాకేజీ మేనేజర్‌కూ ఉంటుంది. ఆ కమాండ్ ఏ అకౌంట్ పేరు మీద, బూట్‌లోని ఏ దశలో, నెట్‌వర్క్ ఏ స్థితిలో ఉండగా నడుస్తుందో తేల్చుకోవడమే కష్టం. మన సొంత మెషిన్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి అతికించిన లైను చక్కగా నడిచిందంటే అక్కడ ఒక మనిషి లాగిన్ అయి ఉన్నాడు, డెస్క్‌టాప్ వచ్చింది, నెట్ ఉంది, పాత్ (కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా) సరిగ్గా ఉంది. కొత్తగా లేస్తున్న మెషిన్‌లో ఈ నాలుగింటిలో ఏదీ ఉందని హామీ లేదు.

విండోస్ సెటప్ కొన్ని దశలుగా నడుస్తుంది. మనం ముందే రాసి ఇచ్చే ఆన్సర్ ఫైలులో ఏ దశలో ఏ పని జరగాలో చెప్పవచ్చు. మెషిన్‌కు తన సొంత పేరు, గుర్తింపు వచ్చే దశను స్పెషలైజ్ అంటారు. యూజర్ ఖాతాలు, భాష, ఇతర ప్రాథమిక అమరికలు జరిగే చివరి దశ ఊబీ సిస్టమ్. మొదటి దానిలో కమాండ్లు సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తాయి. రెండవదానిలో ఫస్ట్ లాగాన్ కమాండ్స్ అనే విభాగం ఉంది. పేరులోనే ఉన్నట్టు అది మొదటి లాగిన్ కోసం ఎదురుచూస్తుంది. స్పెషలైజ్‌లో ప్యాకేజీ మేనేజర్ వేస్తే మెషిన్ ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోలేదు, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఎక్కిందో లేదో, అడ్రస్ వచ్చిందో లేదో తెలియదు. మొదటి లాగిన్‌లో వేయాలంటే ఎవరో ఒకరు లాగిన్ కావాలి. ఆన్సర్ ఫైలులో ఆటో లాగాన్ పెట్టి మెషిన్ తనంతట తానే లాగిన్ అయ్యేలా చేయవచ్చు గానీ, అందుకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌ను ఫైలులో రాయాలి. విద్యార్థులు తాకే మెషిన్లలో అది నాకు సమ్మతం కాదు.

ఈ రెండింటి మధ్య సెటప్ కంప్లీట్ అనే మార్గం ఉంది. విండోస్ ఫోల్డర్‌లోని సెటప్ కింద స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్‌లో ఆ పేరుతో ఒక కమాండ్ ఫైలు ఉంచితే, సెటప్ పూర్తయ్యాక, డెస్క్‌టాప్ కనిపించకముందే, సిస్టమ్ అకౌంట్ కింద అది ఒకసారి నడుస్తుంది. వినడానికి మనకు కావలసింది ఇదేనన్నట్టు ఉంటుంది. అయితే మైక్రోసాఫ్ట్ పత్రాలలో దీని గురించి రాసిన షరతులు శ్రద్ధగా చదవాలి. ఆ ఫైలు ఏ ఎగ్జిట్ కోడ్‌తో (విజయమో వైఫల్యమో చెప్పే అంకెతో) ముగిసిందో సెటప్ పట్టించుకోదు. అందులో రీబూట్ కమాండ్ పెట్టకూడదు. పెడితే మెషిన్ పాడైన స్థితిలో చిక్కుకుంటుంది, పైగా రీబూట్ తరువాత ఆ ఫైలు ఆగిన చోటినుంచి కొనసాగదు. ఓఈఎమ్ (కంప్యూటర్ తయారీదారు) ప్రోడక్ట్ కీ వాడిన సాధారణ ఎడిషన్లలో అసలు నడవనే నడవదు. అంటే నెట్ రావడానికి ఆలస్యమైనా, మధ్యలో రీబూట్ అవసరమైనా, ఇన్‌స్టలేషన్ విఫలమైనా మనకు కబురు అందదు.

నా పద్ధతి ఏమిటంటే, సెటప్ కంప్లీట్‌కు అసలు పని అప్పగించను. అది చేసేది ఒక్కటే: మెషిన్ బూట్ అయిన ప్రతిసారీ సిస్టమ్ అకౌంట్ కింద నడిచే ఒక షెడ్యూల్డ్ టాస్క్‌ను నమోదు చేయడం. అసలు పని ఆ టాస్క్ పిలిచే పవర్‌షెల్ స్క్రిప్టుది. ఆ స్క్రిప్టు ముందుగా మా ల్యాబ్ సర్వర్ పేరు అడ్రస్‌గా మారుతోందా, దాని పోర్టు తెరుచుకుందా అని చూస్తుంది. కాకపోతే కొద్ది సెకన్లు ఆగి మళ్లీ చూస్తుంది, నిర్ణీత గడువు దాటితే లాగ్‌లో రాసి వైఫల్యంగా ముగుస్తుంది. అందితే చాకొలేటీ వేస్తుంది, వేసినట్టు రుజువు చేసుకుంటుంది, తక్కిన ప్యాకేజీలు కూడా పడ్డాకే టాస్క్‌ను తానే తొలగిస్తుంది. మధ్యలో రీబూట్ అయినా, కరెంటు పోయినా టాస్క్ అక్కడే ఉంటుంది కనుక మెషిన్ లేవగానే పని మళ్లీ మొదలవుతుంది.

కరెంటు మాట ఊరికే అనలేదు. మే నెలలో ఇక్కడ లోడు పెరిగి సరఫరా ఆగడం అందరికీ తెలిసిందే, యూపీఎస్ నుంచి జనరేటర్‌కు మారే ఆ కొద్ది క్షణాలలోనే సర్వర్ పడిపోయిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి ఒక మధ్యాహ్నం నాతో పనిచేసే కుర్రాడు కన్సోల్ ముందు నుంచి పిలిచాడు. “అన్నా, మెషిన్ లేచింది గానీ చాకో లేదంటోంది. మళ్లీ వేద్దామంటే ఆల్రెడీ ఉందంటోంది, ఏది నమ్మాలి?” అన్నాడు. తెర మీద చూస్తే నిజంగానే రెండు మాటలూ ఉన్నాయి. కమాండ్ టైప్ చేస్తే అలాంటిది లేదని ఎర్ర అక్షరాలు; ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు నడిపితే చాకొలేటీ ఇదివరకే ఉంది కాబట్టి ముందుకు సాగనని పసుపు అక్షరాల హెచ్చరిక. ప్రోగ్రామ్‌డేటాలోకి వెళ్లి చూస్తే చాకొలేటీ ఫోల్డర్ ఉంది, అందులో బిన్ అనే ఫోల్డర్ కూడా ఉంది, దాని లోపల మాత్రం ఒక్క ఫైలూ లేదు. ఫైళ్లు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. అధికారిక ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు పాత ఇన్‌స్టలేషన్‌ను చెరపకుండా ఉండేందుకు జాగ్రత్తగా వెనక్కి తగ్గుతుంది, అది సరైన ప్రవర్తనే. సగం పడిన ఇన్‌స్టలేషన్‌ను గుర్తించే పని మన మీద ఉంది.

అందుకని నా స్క్రిప్టులో ఫోల్డర్ ఉందా అని అడగను. చాకో ప్రోగ్రామ్‌ను దాని పూర్తి చిరునామాతో పిలిచి వెర్షన్ చెప్పమంటాను. అది చెప్పిన వెర్షన్ మేము నిర్ణయించిన వెర్షన్‌తో సరిపోలితేనే వేసినట్టు. జవాబు రాకపోతే, అంతకుముందు ఏ ప్యాకేజీలూ లేవని తెలిసిన కొత్త మెషినే కాబట్టి, ఆ ఫోల్డర్‌నూ, చాకొలేటీ ఇన్‌స్టాల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌నూ (ప్రోగ్రాములు చదువుకునేలా సిస్టమ్‌లో పేరుతో దాచే విలువ) తొలగించి మొదటినుంచి వేస్తుంది. ఇది కొత్త మెషిన్లకు మాత్రమే తగిన వైద్యమని గట్టిగా చెప్పాలి. వాడకంలో ఉన్న మెషిన్‌లో ఆ ఫోల్డర్ తీసేస్తే ఏయే ప్యాకేజీలు వేశామన్న లెక్క మొత్తం పోతుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండాలన్న సూత్రాన్ని పుస్తకాలలో చదవడం తేలిక. అది మన స్క్రిప్టులో ఉందో లేదో తెలియాలంటే ఇన్‌స్టలేషన్ మధ్యలో వర్చువల్ మెషిన్‌ను పవర్ ఆఫ్ చేసి, మళ్లీ లేపి చూడాలి. ఏ క్షణంలో ఆపినా కోలుకునేంతవరకు నేను ఆ స్క్రిప్టును టెంప్లేట్‌లో (కొత్త మెషిన్లన్నీ నకలుగా తీసే మూల మెషిన్‌లో) పెట్టను.

ఇక ఆ పవర్‌షెల్ లైను సంగతి. చాకొలేటీ వారు ఇచ్చే లైనులో మూడు ముక్కలు ఉంటాయి. మొదటిది ఎగ్జిక్యూషన్ పాలసీని, అంటే స్క్రిప్టులు నడవనివ్వాలా వద్దా అన్న పవర్‌షెల్ నియమాన్ని, బైపాస్‌గా మార్చడం. అది ఆ ఒక్క ప్రాసెస్‌కే పరిమితం కావడం ముఖ్యం, మెషిన్ మొత్తానికి మార్చే అలవాటు కొన్ని చోట్ల చూశాను, అది అవసరం లేదు. రెండవది 3072 అనే అంకె. చాలామంది దాన్ని అర్థం తెలియకుండానే అతికిస్తారు. అది టీఎల్ఎస్ 1.2 అనే సురక్షిత కనెక్షన్ ప్రోటోకాల్‌కు డాట్‌నెట్‌లో (విండోస్ ప్రోగ్రాములు ఆధారపడే మైక్రోసాఫ్ట్ వేదికలో) ఉన్న సంఖ్య. పాత విండోస్‌లలోని డాట్‌నెట్ తనంతట తాను పాత ప్రోటోకాల్‌తో మాట్లాడబోతుంది, చాకొలేటీ సైటు పాత ప్రోటోకాల్‌లను 2020లో నిలిపివేసింది, కనుక ఆ అంకె లేకపోతే కనెక్షన్ అక్కడే తెగిపోతుంది. మూడవది ఇంటర్నెట్ నుంచి స్క్రిప్టు దించి, దించినదాన్ని దించినట్టే నడపడం.

ఈ మూడవ ముక్క దగ్గర కొంచెం ఆగాలి. ఒక మనిషి తన మెషిన్‌లో ఆ లైను నడిపితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తెర మీద చూస్తాడు. మనిషి లేని మెషిన్‌లో సిస్టమ్ అకౌంట్ కింద, అంటే ఆ మెషిన్‌లో ఉన్న అత్యున్నత హక్కులతో, ఆ రోజు ఆ సైటులో ఏది ఉంటే అది నడుస్తుంది. నిన్నటి మెషిన్‌కూ నేటి మెషిన్‌కూ ఒకే స్క్రిప్టు నడిచిందని చెప్పడానికి ఆధారం ఉండదు. పైగా డౌన్‌లోడ్ విఫలమైతే పవర్‌షెల్ ఆ ఎర్రర్‌ను చూపించి తరువాతి లైనుకు వెళ్లిపోతుంది; ఎర్రర్ వస్తే ఆగిపోవాలని స్క్రిప్టు మొదట్లోనే చెప్పకపోతే, ప్యాకేజీ మేనేజరే లేకుండా తక్కిన ప్యాకేజీల లైన్లన్నీ ఒకదాని వెనుక ఒకటి విఫలమవుతూ పోతాయి, చివరికి లాగ్‌లో అసలు కారణం ఎక్కడో పైన కూరుకుపోతుంది.

ఇంకో ఇబ్బంది గదిలోని మెషిన్లన్నీ కలిసి లేచినప్పుడు వస్తుంది. మా మెషిన్లన్నీ ఒకే రౌటర్ వెనుక, బయటి ప్రపంచానికి ఒకే ఐపీ అడ్రస్‌తో కనిపిస్తాయి. చాకొలేటీ ప్యాకేజీలు అందరికీ దొరికే సామూహిక రిపాజిటరీ ఒక్కో అడ్రస్ నుంచి వచ్చే అభ్యర్థనలకు హద్దు పెట్టింది. హద్దు దాటితే 429 అనే ఎర్రర్ వస్తుంది. కొన్ని మెషిన్లలో అన్నీ పడి, కొన్నింటిలో పడకపోవడం, ఏ మెషిన్‌లో పడలేదో రోజుకో తీరుగా ఉండడం దీని లక్షణం. అది వారి తప్పు కాదు. ఉచితంగా నడుపుతున్న సేవను సంస్థల ల్యాబులు బావిలా తోడుకుంటే ఎవరైనా అడ్డుకట్ట వేస్తారు.

వీటన్నిటికీ పరిష్కారం ఒకటే, అది చాకొలేటీవారు కూడా సంస్థలకు సూచించేదే: అన్నీ మన దగ్గర ఉంచుకోవడం. చాకొలేటీ ప్యాకేజీ ఫైలు లోపల చూస్తే ఒక జిప్ ఫైలే. దాన్ని ఒకసారి దించి, హ్యాష్ (ఫైలు మారలేదని తేల్చే ముద్ర వంటి సంఖ్య) సరిచూసి, ల్యాబ్ సర్వర్‌లో పెట్టాను. ఇన్‌స్టలేషన్ స్క్రిప్టును కూడా చదివి, అక్కడే పెట్టాను. ఆ స్క్రిప్టు నడిచే ముందు చాకొలేటీ డౌన్‌లోడ్ యూఆర్ఎల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మన సర్వర్ చిరునామా ఇస్తే అది ప్యాకేజీని అక్కడినుంచే తెస్తుంది. సామూహిక రిపాజిటరీ నుంచే తెచ్చుకునేవారు చాకొలేటీ వెర్షన్ అనే వేరియబుల్‌తో వెర్షన్‌ను స్థిరపరచవచ్చు. ప్రాక్సీ (నెట్‌కు దారి ఇచ్చే మధ్యవర్తి సర్వర్) ఉన్న ఆఫీసుల్లో మరో జాగ్రత్త అవసరం: యూజర్ సెట్టింగుల్లో రాసిన ప్రాక్సీ సిస్టమ్ అకౌంట్‌కు వర్తించదు, దానికి విడిగా చెప్పాలి. తరువాతి ప్యాకేజీల కోసం పెద్ద సర్వర్ సాఫ్ట్‌వేర్ కూడా తప్పనిసరి కాదు, ఒక షేర్డ్ ఫోల్డర్‌ను సోర్స్‌గా చూపితే చాలు. గుంటూరు బ్రాడీపేటలో మాకు ఉన్న చిన్న ల్యాబ్‌కు ఆ ఫోల్డర్ ప్రతి రాత్రీ కాపీ అవుతుంది, అక్కడి మెషిన్లు అక్కడి కాపీ నుంచే తీసుకుంటాయి.

ప్యాకేజీ ఫైలు మన దగ్గర ఉన్నంత మాత్రాన సాఫ్ట్‌వేర్ మన దగ్గర ఉన్నట్టు కాదని ఇక్కడ చెప్పి తీరాలి. సామూహిక రిపాజిటరీలోని చాలా ప్యాకేజీలలో అసలు సాఫ్ట్‌వేర్ ఉండదు; పంపిణీ హక్కుల కారణంగా, తయారీదారు సైటు నుంచి దాన్ని దించే స్క్రిప్టు మాత్రమే ఉంటుంది. అలాంటి ప్యాకేజీని కాపీ చేసి పెట్టుకుంటే ఇన్‌స్టాల్ సమయంలో అది మళ్లీ బయటికే వెళ్తుంది. ఇన్‌స్టాలర్‌ను కూడా ప్యాకేజీలోకి చేర్చి, స్క్రిప్టులోని చిరునామా మార్చి, మళ్లీ ప్యాక్ చేసుకోవాలి. ఇది ఓపికతో చేయవలసిన పని, ప్రతి కొత్త వెర్షన్‌కూ చేయవలసిన పని. అయినా మా ల్యాబ్‌లో రోజూ వాడే కొద్దిపాటి సాఫ్ట్‌వేర్‌కు ఈ శ్రమ పడటం న్యాయమేనని నా అభిప్రాయం.

చాకొలేటీ 2.0 నుంచి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 తప్పనిసరి. విండోస్ సర్వర్ 2022లో అది ముందే ఉంటుంది. సర్వర్ 2019లో ఉండేది 4.7.2. అక్కడ ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు 4.8ని తానే వేయడానికి ప్రయత్నిస్తుంది, వేశాక రీబూట్ కావాలి. షెడ్యూల్డ్ టాస్క్ పద్ధతిలో ఆ రీబూట్‌ను తట్టుకోవచ్చు గానీ, ప్రతి మెషిన్‌లో ఆ పని మళ్లీ మళ్లీ చేయించడం దండగ. డాట్‌నెట్‌ను టెంప్లేట్‌లోనే వేసి ఉంచాను.

దీని వెంటే వచ్చే ప్రశ్న: డాట్‌నెట్‌ను టెంప్లేట్‌లో పెట్టినప్పుడు చాకొలేటీని కూడా అందులోనే పెట్టేయవచ్చు కదా? పెట్టవచ్చు, ప్రోగ్రామ్‌డేటాలో ఉండే ఫోల్డర్ కనుక సిస్‌ప్రెప్ (నకళ్లు తీసే ముందు మెషిన్ సొంత గుర్తింపును తుడిచే విండోస్ సాధనం) నడిపినా చెక్కుచెదరదు. టెంప్లేట్‌ను నెలకోసారి తిరగరాసే క్రమశిక్షణ ఉన్నచోట అది మంచి పద్ధతే. నేను మొదటి బూట్‌లో వేయడాన్ని ఎంచుకోవడానికి కారణం, టెంప్లేట్‌లో చేర్చిన ప్రతిదీ ఒకరోజు పాతబడుతుంది, ఎప్పుడు ఎవరు ఏది చేర్చారో క్రమంగా ఎవరికీ గుర్తుండదు. స్క్రిప్టు అయితే చదవవచ్చు, వెర్షన్ కంట్రోల్‌లో ఉంచవచ్చు, ఏ టెంప్లేట్ మీదైనా నడపవచ్చు. పైగా టెంప్లేట్ తయారీలో ఎంత తక్కువ తాకితే సిస్‌ప్రెప్ అంత సాఫీగా నడుస్తుంది. స్టోర్ యాప్ ఏదైనా ఒక యూజర్‌కు మాత్రమే అప్‌డేట్ అయి, అందరికీ వర్తించేలా నమోదు కాకపోతే సిస్‌ప్రెప్ నిలిచిపోతుంది. సిస్టమ్32లో సిస్‌ప్రెప్ కింద పాంథర్ అనే ఫోల్డర్‌లోని లాగ్ తెరిస్తే ఆ ప్యాకేజీ పేరు కనబడుతుంది. టెంప్లేట్ మెషిన్‌ను నెట్‌కు కలిపి కాసేపు వదిలేసినా ఈ పరిస్థితి రావచ్చు.

ఉబుంటు మెషిన్ల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. అక్కడ క్లౌడ్ ఇనిట్ అనే సాధనం మొదటి బూట్ పనులన్నీ చూసుకుంటుంది. డెబియన్ ఫ్రంటెండ్ అనే వేరియబుల్‌కు నాన్‌ఇంటరాక్టివ్ అని విలువ ఇస్తే ప్యాకేజీలు ప్రశ్నలు వేయవు. మెషిన్ లేవగానే రోజువారీ అప్‌డేట్ సర్వీసు కూడా లేచి ప్యాకేజీ డేటాబేస్ లాక్‌ను పట్టుకోవచ్చు కాబట్టి, లాక్ దొరికేదాకా ఆగమని ఆప్ట్‌కు (ఉబుంటు ప్యాకేజీ మేనేజర్‌కు) గడువు ఇవ్వాలి. లాక్ ఫైలును చేత్తో తొలగించే సలహాలను మాత్రం దయచేసి పాటించవద్దు. ఉబుంటు 22.04లో నీడ్‌రీస్టార్ట్ అనే సాధనం ఏయే సర్వీసులు రీస్టార్ట్ చేయాలో అడుగుతూ తెర మీద ఒక పెట్టె తెరుస్తుంది. మనిషి లేని మెషిన్‌లో ఆ పెట్టె తెరుచుకుంటే అది అలాగే ఉండిపోతుంది. దాని మోడ్‌ను ఆటోమేటిక్‌గా పెట్టాలి.

కొన్ని బ్యాచ్‌లకు ఉబుంటు మీద హోమ్‌బ్రూ అనే మరో ప్యాకేజీ మేనేజర్ కూడా ఇస్తాం. 2009లో మ్యాక్ కోసం మ్యాక్స్ హోవెల్ మొదలుపెట్టిన ఈ సాధనం 2019లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి లైనక్స్‌ను అధికారికంగా అక్కున చేర్చుకుంది. ఇక్కడ చిక్కు విండోస్‌కు సరిగ్గా తలకిందులు. క్లౌడ్ ఇనిట్ కమాండ్లు రూట్‌గా (లైనక్స్‌లో అన్ని హక్కులూ ఉన్న ఖాతాగా) నడుస్తాయి, హోమ్‌బ్రూ రూట్‌గా నడవనంటుంది. కనుక ముందు ఒక మామూలు యూజర్‌ను సృష్టించి, ఇన్‌స్టలేషన్ వరకు అతనికి పాస్‌వర్డ్ అడగని సుడో (రూట్ హక్కులతో కమాండ్ నడిపే అనుమతి) ఇచ్చి, హోమ్ డైరెక్టరీ సరిగ్గా ఏర్పడేలా ఆ యూజర్ పేరు మీద స్క్రిప్టు నడిపి, నాన్‌ఇంటరాక్టివ్ అనే వేరియబుల్‌కు 1 ఇవ్వాలి. పని అయ్యాక ఆ సుడో హక్కు వెనక్కి తీసుకోవాలి. లైనక్స్‌బ్రూ పేరుతో హోమ్ కింద ఏర్పడే దాని స్థానాన్ని మార్చవద్దు. ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలలో ఎక్కువ భాగం ఆ స్థానంలోనే పనిచేస్తాయి, మారిస్తే ప్రతిదీ సోర్సు నుంచి కంపైల్ చేస్తూ కూర్చుంటుంది.

రుజువు చేసుకోవడం గురించి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. చాకొలేటీ పడగానే అది మెషిన్ పాత్‌లో తన బిన్ ఫోల్డర్‌ను చేరుస్తుంది, అయితే అప్పటికే నడుస్తున్న సర్వీసులకు ఆ మార్పు తెలియదు. రిమోట్‌గా ఇంకో సర్వర్ నుంచి ఆన్సిబుల్ (చాలా మెషిన్లను దూరం నుంచి నడిపే సాధనం) తోనో మరొకదానితోనో ఆ మెషిన్‌లోకి వెళ్లి చాకో అని పిలిస్తే లేదని చెప్పవచ్చు. మెషిన్ ఒకసారి రీబూట్ అయితే అదే కనబడుతుంది. ఈ ఒక్క కారణంతో మంచి ఇన్‌స్టలేషన్‌ను చెడిపోయిందనుకుని తిరగవేసినవారు ఉన్నారు. నా స్క్రిప్టు చివరిదాకా పూర్తి చిరునామాతోనే పిలవడానికి కారణం అదే. ఆన్సిబుల్ వాడేవారికి ఒక సౌలభ్యం ఉంది: దాని విన్ చాకొలేటీ మాడ్యూల్, చాకొలేటీ లేని మెషిన్‌లో ముందు దాన్ని వేసి, తరువాత అడిగిన ప్యాకేజీ వేస్తుంది. అయితే మెషిన్ అప్పటికి లేచి, రిమోట్ కనెక్షన్‌కు సిద్ధమై ఉండాలి, ఆ సిద్ధపరిచే పని మళ్లీ మొదటి బూట్ స్క్రిప్టుకే వస్తుంది.

ప్యాకేజీలు వేసేటప్పుడు వచ్చే ఎగ్జిట్ కోడ్‌లలో 0 ఒక్కటే విజయమని రాసుకుంటే ఇబ్బంది పడతారు. 3010 అంటే పని అయింది, రీబూట్ కావాలని. 1641 అంటే పని అయింది, రీబూట్ మొదలైందని. ఈ రెండింటినీ వైఫల్యంగా లెక్కిస్తే బాగున్న మెషిన్లు ఎర్ర జాబితాలో చేరతాయి, విజయంగా మాత్రమే లెక్కిస్తే రీబూట్ జరగక తరువాతి ప్యాకేజీ తడబడుతుంది. మా స్క్రిప్టు 3010 చూస్తే టాస్క్‌ను ఉంచి రీబూట్ చేస్తుంది, 1641 చూస్తే అక్కడితో ఆగి రీబూట్‌కు దారి ఇస్తుంది. రెండు సందర్భాల్లోనూ మెషిన్ లేచాక తక్కిన పని టాస్క్ అందుకుంటుంది. ప్రతి దశకూ ఒక కాలపరిమితి ఉంటుంది, ఎందుకంటే ఏదో ఒక ఇన్‌స్టాలర్ కనిపించని తెర మీద ఓకే బటన్ చూపి రోజంతా కూర్చోగలదు. సిస్టమ్ అకౌంట్ తెరిచే కిటికీలు ఎవరి డెస్క్‌టాప్ మీదా కనబడవు కాబట్టి బయటి నుంచి చూసేవారికి మెషిన్ ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది. గడువు దాటిన మెషిన్ తన పేరు, ఆగిన దశ, చాకొలేటీ లాగ్‌లోని ఆఖరి వరుసలు ల్యాబ్ సర్వర్‌లోని ఫోల్డర్‌లో రాసిపెడుతుంది. ఉదయం ల్యాబ్ తెరిచినప్పుడు ఆ ఫోల్డర్ ఒక్కటి చూస్తే ఏ మెషిన్‌కు చేతి సాయం కావాలో తెలుస్తుంది.

ప్రతి నెలా రెండవ మంగళవారం మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు విడుదలవుతాయి. ఆ వారంలో టెంప్లేట్‌ను కొత్త అప్‌డేట్లతో తిరిగి కట్టి, దాని నుంచి ఒక ఖాళీ మెషిన్ లేపి పరీక్షిస్తాం. ఆ మెషిన్‌కు బయటి ఇంటర్నెట్ దారి మూసేసి, ల్యాబ్ సర్వర్‌కు మాత్రమే దారి ఉంచుతాం. అలాగైతేనే మనకు తెలియకుండా బయటికి వెళ్తున్న ప్యాకేజీ ఏదైనా ఉంటే అక్కడే పట్టుబడుతుంది. ఇన్‌స్టలేషన్ మధ్యలో ఒకసారి పవర్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తాం. చాకో సరైన వెర్షన్ చెప్పి, టాస్క్ తనను తాను తొలగించుకుని, ఫోల్డర్‌లో ఫిర్యాదు ఏదీ లేకపోతే ఆ టెంప్లేట్‌ను గుంటూరుకు కూడా పంపిస్తాం. ఒక్కటి తప్పినా పాత టెంప్లేటే మరో నెల కొనసాగుతుంది.